రెండో బ్రేకు

ధడ్!

బానెట్ మీద ఏదో పడింది. దొర్లింది. వెనక చూపే అద్దంలో సైకిల్ చక్రం ఒక్కటే తిరుగుతూ కనిపిస్తోంది.

ఆమె కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపే పక్క సీట్లోంచి బాబాయి చెయ్యి స్టీరింగ్ మీద పడింది.

"ఆపకు. పోనీ."

పోనిచ్చింది. ఎందుకు పోనిచ్చిందో ఆమెకే తెలియదు. నాన్న పోయాక పెంచింది బాబాయే. ఆయన చెప్పింది చెయ్యడమే అలవాటు. చీకట్లో బండి నడపడం నేర్పిస్తానని ఈ సాయంత్రం తీసుకొచ్చిందీ ఆయనే.

ఇది ఆయన డ్రైవింగ్ స్కూల్ కారు. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆపడానికి పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇందాక అది తొక్కాల్సింది ఆయన... తొక్కలేదు. ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

అద్దంలో, సైకిల్ పక్కన పడున్న మనిషి చెయ్యి కదిలింది!

బతికే ఉన్నాడు.

మలుపు. ఇంకో మలుపు. కారు దూసుకుపోతోంది.

వెనక్కి తిప్పుతానంది. ఆయన వద్దన్నాడు. ఆమె స్టీరింగ్ తిప్పబోతే ఆయన తన బ్రేకు తొక్కాడు. కుదుపు! ఆమె యాక్సిలరేటర్ నొక్కింది. ఆయన మళ్ళీ తొక్కాడు. కారు రోడ్డు పక్కన ఆగిపోయింది.

"బాబాయ్, క్లాసులో నువ్వే కదా చెప్పావు. ఆగి, హాస్పిటల్‌కి చేర్చి, పోలీసులకి చెబితే కోర్టు కనికరిస్తుందని. పారిపోతే శిక్ష రెట్టింపని."

"క్లాసులో వంద చెబుతాం."

"అతను చచ్చిపోతాడు."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. నసుగుతూ అప్పుడు బయటపెట్టాడు. నేర్చుకునేవాళ్ళు గుద్దితే పక్కన కూర్చున్నవాడి మీదా కేసు పడుతుంది. ఆయన మీద ఇప్పటికే ఒకటుంది. ఎవరినో గుద్ది పారిపోయిన కేసు. ఇంట్లో ఎవరికీ తెలియదు, బెయిల్ మీద తిరుగుతున్నాడు. ఇది రెండోదైతే ఇక జైల్లోనే ముసలాడైపోతాడు.

ఆమె చెయ్యి మళ్ళీ స్టీరింగ్ మీదకి వెళ్ళింది.

"సరే తల్లీ," అన్నాడు ఉన్నట్టుండి. "నీ మాటే కానీ. వెనక్కి వెళ్దాం. నీ చేతులు వణుకుతున్నాయి, నేను నడుపుతా."

ఆమెకి ఏడుపొచ్చింది. ఎంతైనా బాబాయి! గబగబా సీట్లు మారారు.

కారు వెనక్కి తిరిగింది. రెండు పక్కలా గోడౌన్ల గోడలు. రోడ్డు ఖాళీ. అదిగో సైకిల్. అదిగో అతను... లేచి కూర్చున్నాడు! నెత్తురోడుతూ, వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. సాయం వస్తోందనుకుంటున్నాడు పాపం.

కారు స్లో అవలేదు.

స్పీడ్ పెరుగుతోంది!

"బాబాయ్... ఆపు."

"బండి మీద మన స్కూల్ పేరుంది తల్లీ. చదివే ఉంటాడు."

ఆమె కాలు ముందుకి చాపింది. పెడల్ తగిలింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కింది!

టైర్లు కీచుమన్నాయి. అతనికి జానెడు దూరంలో ఆగింది కారు. బాబాయి తల స్టీరింగ్‌కి కొట్టుకుంది. ఇంజిన్ ఆగిపోయింది. ఆయన కదల్లేదు.

ఆమె తలుపు తోసుకుని దూకింది. అతని తల ఒళ్ళో పెట్టుకుంది. విరిగిన కాలు సైకిల్ చట్రంలో ఇరుక్కుపోయింది. లాగబోతే కేక పెట్టాడు. ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. అవతల ఆడగొంతు ఎక్కడని అడిగింది, స్పృహ ఉందా అని అడిగింది. గుద్దిందెవరని అడిగింది.

"నేనే," అంది. "పారిపోయాను... తిరిగొచ్చాను. ఇక్కడే ఉన్నాను."

"మంచి పని చేశారు. మేం వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి."

వెనక ఇంజిన్ స్టార్ట్ అయింది.

ఆమె తల తిప్పింది. కారు వెనక్కి పోతోంది. మెల్లగా, తిన్నగా, కొత్తవాళ్ళకి నేర్పేటట్టు. కొంత దూరం పోయి ఆగింది. హెడ్‌లైట్లు రెండూ వాళ్ళిద్దరి మీదే ఉన్నాయి.

అతన్ని చంకల కింద పట్టుకుని లాగింది. రావడం లేదు. వదిలేస్తే తనొక్కతే పక్కకి దూకచ్చు...

వదల్లేదు.

గేర్ పడింది.

ఈసారి పక్క సీట్లో ఎవరూ లేరు.