ఎముకల చీటీ

శ్మశానం గేటు ముందు పేరిందేవి పాడె దించి అరగంటయింది. ఎముకల చీటీ మీద భర్త వేలిముద్ర పడనిదే గేటు తెరుచుకోదు. కోటిలింగం వెయ్యనంటున్నాడు.

గేటు పక్కనే అస్థిదర్శి ఉంది. చూడ్డానికి వాకిట కట్టిన తోరణంలా ఉంటుంది. కోట్లమందికి ఆస్పత్రుల్లో తీసిన ఎక్స్‌రేలు చూసి చూసి, ఎముక ఎముకనూ గుర్తుపట్టడం, అది ఎప్పుడు, దేనివల్ల దెబ్బతిన్నదో చెప్పడం నేర్చుకున్న యంత్రం అది. బతికున్నవాళ్లు ఏటా ఒకసారి వైద్యం కోసం దాని కింద పడుకుంటారు. పోయినవాళ్లను, చావులో అనుమానం లేదని తేల్చడానికి, చివరిసారి పడుకోబెడతారు. పేరిందేవి మాత్రం బతికుండగా ఒక్కసారీ వెళ్లలేదు. "నాకేం రోగమండీ" అని మొగుడితో నవ్వేసేది.

ఇవాళ అది ఇచ్చిన చీటీలో ఇలా ఉంది: మెడలో ఐదో పూస, ఆరో పూస నలిగి అతుక్కున్నాయి. కారణం, నెత్తిన మోసిన పెద్ద బరువులు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి దెబ్బ.

దుగ్గిరాలలో నలభై ఏళ్లు పసుపు వ్యాపారం చేసినవాడు కోటిలింగం. కొమ్ము విరిచి, ఆ చప్పుడు విని, లోపల తేమ ఎంతుందో చెప్పగలడు. చీటీ చూడగానే సరుకు మారిందన్నాడు. ఇదెవరో హమాలీ మెడ, నా భార్య బిందె తప్ప బరువెత్తి ఎరగదు, మళ్లీ చూడమన్నాడు. గేటు దగ్గరి ఉద్యోగిని సుహాసిని విసుక్కోకుండా మళ్లీ చూసింది. మూడోసారీ చూసింది. యంత్రం అదే మాట చెప్పింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటంటే కరకట్ట తెగిన ఏడాది. మోత యంత్రాలు నీళ్లలో మునిగి మూలపడ్డాయి. హమాలీలు ఎవరిళ్లు వాళ్లు కాపాడుకునే పనిలో ఉన్నారు. కోటిలింగం విషజ్వరంతో ఒళ్లు తెలియకుండా పడున్నాడు. కొట్టులోని పసుపు బస్తాలన్నీ తమ్ముడు బ్రహ్మయ్య ఒక్కడే మేడమీదికి చేర్చాడని లేచాక విన్నాడు. ఆ మేలు మరవలేక, కొట్టు బోర్డు మీద తమ్ముడి పేరు తన పేరుకు పైన రాయించాడు.

ఆ బ్రహ్మయ్య ఇప్పుడు పాడె పక్కన తల దించుకుని నిలబడ్డాడు. కోటిలింగం అతన్నే సాక్ష్యం అడిగాడు, మీ వదిన ఏనాడైనా బస్తా మోసిందేమో చెప్పమని.

"మోసింది అన్నయ్యా. రెండో బస్తాకే నా నడుం పట్టేసి కూలబడ్డా. మిగతావన్నీ వదినే మోసింది."

కోటిలింగం చేతిలోని చీటీ మళ్లీ చూశాడు. "మరి నాకెందుకు చెప్పలేదురా?"

"పెళ్లాం చేత బస్తాలు మోయించాడని పసుపు యార్డులో నిన్ను ఆడిపోసుకుంటారని ఒట్టేయించుకుంది. తర్వాత నువ్వు బోర్డు మీద నా పేరెక్కించావు. ఇంక చెప్పడానికి నోరు రాలేదు."

కోటిలింగం చీటీ మీద వేలు వేశాడు. గేటు తెరుచుకుంది. అయినా పాడె ఎత్తనివ్వలేదు.

వరద మరుసటేడు పంట బాగా పండితే పేరిందేవికి కాసులపేరు చేయించాడు. పొద్దున వేసుకుని సాయంత్రానికే తీసి పెట్టెలో పెట్టింది. "బరువుగా ఉందండీ" అంది. తను తెచ్చింది నచ్చలేదని అతను లెక్క కట్టుకున్నాడు. పెళ్లిళ్లకు పోయినప్పుడల్లా, మా ఆవిడకు బంగారం కూడా బరువేనని నలుగురిలో దెప్పేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇవాళ ముత్తయిదువలు అలంకరిస్తుంటే, ఈ ఒక్కరోజైనా కాదనదులే అని, దాన్ని తనే తెచ్చి ఆమె మెళ్లో వేశాడు.

పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి ఆమె మెడ కిందికి పోనిచ్చి, నిద్ర చెడకూడదన్నట్టు తల కొంచెం పైకెత్తి, రెండో చేత్తో కాసులపేరు తియ్యబోయాడు.

"నగలు లోపల తియ్యొచ్చు బాబాయిగారూ, అక్కడ గదుంది," అంది సుహాసిని.

"అందాకా మొయ్యలేదమ్మా," అన్నాడు కోటిలింగం.