మోడు చింత కింద మిషన్ రంపం

శావల్యాపురం నుంచి కోటప్పకొండకు పోయే డొంకలో, నాపరాళ్లు తీసి వదిలేసిన గుంట పక్కన ఒక మోడు చింత ఉండేది. దానికి మంచిపేరు ఏనాడూ లేదు. చీకటిపడ్డాక అటు పోయినవాళ్లకి గొడ్డలి దెబ్బలు వినబడేవట. టక్... ఆ వెనకే కట్టె కొట్టేవాడు వదిలే ‘హుఁ’ అన్న ఊపిరి... మళ్లీ టక్. తెల్లారి చూస్తే చెట్టుకి ఒక్క గాటు ఉండేది కాదు. విన్నవాళ్లందరికీ జ్వరం వచ్చేది. కల్లుపాకలో పడుకుని, అటు పోకుండానే విన్నామన్నవాళ్లకి కూడా వచ్చేది.

కొట్టేది సైదులని ఊరందరికీ తెలుసు. సైదులు ఒకప్పుడు చెన్నకేశవరావు కట్టెల అడితిలో పనివాడు. ఏటా శివరాత్రికి కొండ కింద సత్రంలో అన్నదానం పొయ్యిలకి కట్టెలు ఆ అడితి నుంచే పోతాయి. కట్టె యజమానిది, కొట్టే రెక్కలు కూలోళ్లవి. ఆ ఒక్క పనికీ వాళ్లు కూలి ముట్టరు, కోటయ్య సామికి సేవ అనుకుంటారు. అలా ఒక శివరాత్రి ముందురోజు, “గాలి లేస్తందయ్యా, రేపు కొడదాం” అన్నాడు సైదులు. “గాలికి భయపడేవాడివి గొడ్డలెందుకు పట్టావురా?” అని చెన్నకేశవరావే అతన్ని ఆ మోడు కిందకి తోలాడు. ఎండుకొమ్మ విరిగి నెత్తినపడింది. సైదులు మళ్లీ లేవలేదు.

చెన్నకేశవరావు మాత్రం దెయ్యం కథ విన్నప్పుడల్లా నవ్వేవాడు. “బతికుండగా చుట్టకోసమని పూటకి నాలుగుసార్లు కూలబడేవాడు. చచ్చాక రాత్రిళ్లు కూడా పనిచేస్తన్నాడా?” అనేవాడు. పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు, అప్పుడప్పుడూ అప్పుకి కట్టెలు కావాలి గదా మరి.

అట్లాంటి మనిషికి ఎనభైల్లో, ఆ చుట్టుపక్కల ఎవరూ కళ్లతో చూడనినాడు, పెట్రోలు పోస్తే కట్టె కోసే రంపం ఒకటి ఉందని ఎవరో చెవినేశారు. ఇక నిద్ర పట్టలేదు. మద్రాసు మనిషిచేత తెప్పించాడు. నారింజరంగు మిషను, పొడుగాటి నాలుక, నాలుక చుట్టూ పళ్ల చైను. దాన్ని బిగించి చూపెట్టడానికి వినుకొండ నుంచి మెకానిక్ నూర్ మొహమ్మద్ వచ్చాడు.

“రావుగారూ, కొత్త ఇంజను. కొత్త కోడెని కాడికి అలవాటు చేసినట్టు చెయ్యాలి. మొదట కొన్నాళ్లు మెత్తటి కర్ర కొయ్యండి, మెల్లగా నడపండి” అన్నాడు నూర్ మొహమ్మద్.

“మా ఇంట్లో కోడెని మొదటిరోజే దుక్కికి కడతాం” అన్నాడు చెన్నకేశవరావు.

శివరాత్రికి ముందు శుక్రవారం మిషనుకి పూజ పెట్టించాడు. సత్రం కమిటీ వాళ్లందరినీ పిలిచాడు. వాళ్లు ఇస్త్రీ పంచెలతో వచ్చి కుర్చీల్లో కూచున్నారు. మిషనుకి పసుపు పూశారు, బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. పంతులు బూడిద గుమ్మడికాయకి చిల్లు పెట్టి, లోపల కుంకం పోసి, గుప్పెడు చిల్లర వేసి, దిష్టి తీసి చేతికిచ్చాడు. దాన్ని నేలకేసి కొట్టాలి. తాతల నాటి నుంచీ అంతే.

“మిషనుండగా నేలకేసి కొట్టేదేంది?” అన్నాడు చెన్నకేశవరావు.

నూర్ మొహమ్మద్ “అయ్యో, ఆగండి...” అనేలోపే తాడు లాగాడు. మిషను బొబ్బరించింది. గుమ్మడికాయ మీద పెట్టాడు. కాయ తెగింది, కుంకం నీళ్లు కమిటీ మొత్తాన్నీ తడిపాయి, లోపల చిల్లర చైనుకి తగిలి కీచుమని అరిచింది. ఒక పావలా ఎగిరొచ్చి సెక్రటరీ మల్లేశ్వరరావు బొజ్జకి తగిలింది. ఆయన దాన్ని శుభసూచకం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

“పళ్లు పోయాయి రావుగారూ” అన్నాడు నూర్ మొహమ్మద్. “ఆకురాయి పెట్టి పదును చెయ్యాలి.”

“శుక్రవారం పూట, పూజ చేసిన మిషన్ని అరగదీస్తావా? లక్ష్మి పోద్ది!” అన్నాడు చెన్నకేశవరావు. ఆ తర్వాత శనివారమనీ, ఆ తర్వాత తిథి బాలేదనీ ఆకురాయి ముట్టనియ్యలేదు.

ఆ చప్పట్ల వేడిలోనే రెండు పనులు చేశాడు. “ఈ ఏడు కొండ కట్టె మొత్తం నా మిషనే కోస్తది, ఒక్క గొడ్డలి తగలదు” అని కమిటీకి మాటిచ్చాడు. కూలోళ్ల వైపు తిరిగి, ఇక గొడ్డళ్లు అటకెక్కించుకోమన్నాడు. కూలోళ్లలో పెద్దవాడు పెదకోటయ్య, సైదులు కొడుకు.

“పని మాన్పిస్తే మాన్పించావులే అయ్యా. కొండ కట్టె మాత్రం కొట్టిపోతాం. సేవ గదా” అన్నాడు పెదకోటయ్య.

“సామికి సేవ చేసేది మిషను. మీరు పోయి ముంతకింద పప్పు అమ్ముకోండిరా.”

పెదకోటయ్య గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఒక తిట్టు తిట్టుంటే చెన్నకేశవరావుకి కాస్త హాయిగా ఉండేది.

మిషనుంది గదా అన్న ధీమాతో అడితిలోని ఎండుకట్టెంతా పిడుగురాళ్ల సున్నపు బట్టీలకి తోలేశాడు. మిగిలింది పచ్చి తుమ్మ. పచ్చికట్టె పొయ్యిలో పెడితే అన్నం ఉడకదు, వంటవాళ్లు ఏడుస్తారు. తెల్లారితే శివరాత్రి అనగా ఆ సంగతి గుర్తొచ్చింది. వేలమంది విస్తళ్ల ముందు కూచుని, అన్నం ఏదంటే కమిటీ అంతా తనవైపు చూడటం కళ్లకి కట్టింది. చేతికందే దూరంలో ఎవరూ ముట్టని ఎండుచెట్టు ఒక్కటే ఉంది.

“ఏమయ్యా, ఆ మోడు కిందకి పోతావా? పెదకోటయ్యని బతిమాలుకోరాదూ?” అంది భార్య సుబ్బరత్నం.

“ఏమే, దెయ్యానికి దండం పెడతాగానీ కూలోడికి పెట్టను” అన్నాడు. ట్రాక్టరుని కోడికూత వేళకి డొంకలోకి రమ్మని పురమాయించి, మిషన్ని మోపెడ్ వెనక కట్టుకుని బయలుదేరాడు. లావుపాటి మనిషి, సన్నపాటి మోపెడ్. కుక్కలు కూడా మొరగడం మానేసి చూశాయట.

డొంకలో చీకటి. ఎక్కడో దూరంగా, కొండకి కదిలే ఎత్తైన ప్రభల బళ్ల మీద మైకులో పాటలు. మోడు చింత దగ్గరికొచ్చేసరికి అవి కూడా వినబడలేదు...

బ్యాటరీ లైటు ఒక రాయి మీద ఆనించాడు. తాడు లాగాడు. మిషను దగ్గింది. మళ్లీ లాగాడు. భుజం పట్టేసిందిగానీ చివరికి మొదలైంది. మొదలుకి ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు.

పొగ వచ్చింది. చెట్టు తెగుతోందని సంబరపడ్డాడు. తెగడం కాదు, మాడుతోంది. పళ్లు లేని చైను ఎండు చింతని ముసలమ్మ చెరకుగడని చప్పరించినట్టు చప్పరిస్తోంది. ఎంతసేపు నొక్కినా వేలు దూరేంత గాటు పడలేదు. ఊపిరి తీసుకుందామని మిషను ఆపాడు.

నిశ్శబ్దం.

టక్...

హుఁ...

టక్...

గుంటలోంచి వచ్చే మారుమోత అనుకున్నాడు. తన మిషను చప్పుడుకి గొడ్డలి మారుమోత రాదని తెలుసు, అయినా అనుకున్నాడు. మళ్లీ తాడు లాగాడు. మిషను అరుస్తున్నంతసేపూ ధైర్యంగా ఉంది. ఆపాడు.

టక్... హుఁ... టక్...

చెట్టుకి అవతలి వైపు నుంచే. మోడు కూడా దెబ్బ దెబ్బకీ వణుకుతోంది. ఆ వణుకు చేతికి తెలుస్తోంది.

“ఒరేయ్ పెదకోటయ్యా... నువ్వేనంట్రా?” అని కేకేశాడు. “చాల్లేరా పరాచికాలు...”

లైటు తీసుకుని, చెట్టుని పట్టుకునే అవతలి వైపుకి నడిచాడు. ఎవరూ లేరు. నేలంతా ఎర్రగా, కొత్తగా రాలిన చెక్కపేళ్లు. చూస్తుండగానే ఇంకో పేడు గాల్లోంచి లేచి వచ్చి కాలిమీద పడింది.

టక్.

చెన్నకేశవరావు మోపెడ్ మీద పోలేదు. మోపెడ్ సంగతే గుర్తులేదు. మిషనూ, లైటూ, ఎడమకాలి చెప్పూ అక్కడే ఉండిపోయాయి. ఇంటికొచ్చి పడ్డాక సుబ్బరత్నం, “కట్టె ఏదయ్యా?” అంది.

“మిషను వేడెక్కింది... చల్లారాలని అక్కడ పెట్టొచ్చా” అన్నాడు, దుప్పటి లోపలినుంచి.

తెల్లారింది. పరువు పోయిన మనిషి ఇంట్లో దాక్కుంటే ఇంకా పోద్దని, మొహాన నీళ్లు కొట్టుకుని కొండకి పోయాడు. సత్రం దగ్గరికి వచ్చేదాకా తలొంచుకునే నడిచాడు. తలెత్తి చూస్తే... పొగ లేదు. పొయ్యిలన్నీ భగభగా మండుతున్నాయి. గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది.

మల్లేశ్వరరావు ఎదురొచ్చి వాటేసుకున్నాడు. మైకులో, “చెన్నకేశవరావు గారు తమ కొత్త మిషనుతో స్వయంగా కోసిన కట్టెలు!” అని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. చెన్నకేశవరావు దండం పెట్టాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. రాదు కూడా, అబద్ధమైనా పొగడ్త పొగడ్తే గదా.

పొయ్యి దగ్గర పెదకోటయ్య కూచుని కట్టె ఎగదోస్తున్నాడు. చింతకట్టె. చెన్నకేశవరావుకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

“రాత్రి అవతలి వైపున కొట్టింది నువ్వేగదరా?” అని గుసగుసగా అడిగాడు.

“నేనా?” పెదకోటయ్య తలెత్తాడు. “నువ్వు వద్దన్నా సేవ ఆపకూడదని కోడికూతకి మేమంతా ఆ మోడు దగ్గరికి పోయాం అయ్యా, ఎండుకట్టె ఇంకెక్కడుంది? పోయేసరికే చెట్టు పడుంది. కొమ్మలు నరికి, పేర్చి ఉన్నాయి. నీ ట్రాక్టరొస్తే ఎత్తాం, అంతే. నీ మిషను కూడా తెచ్చాం, అదుగో. నువ్వు వేరే ఊరోళ్లని పెట్టి కొట్టించావనుకున్నాం.”

“నేనెవర్నీ పెట్టలేదు...”

“అయితే ఎవరోగానీ చెయ్యి తిరిగినోడు. మొదలు చూశావా? ఒక పక్క నీ మిషను గీత, మాడిపోయింది. రెండోపక్కంతా పుర్రచేతి దెబ్బ.”

చెన్నకేశవరావుకి గుర్తొచ్చింది. సైదులుది పుర్రచేతి వాటం. అడితిలో అతని పక్కన నిలబడి కొట్టడానికి మిగతావాళ్లు జంకేవాళ్లు, గొడ్డలి అటునుంచి వచ్చేది.

కూలోళ్లు భోజనానికి కూచుంటే వరసలో ఒక్కొక్కళ్ల చేతులూ చూశాడు. ఏం లాభం? విస్తరి ముందు పుర్రచేతివాడైనా కుడిచేత్తోనే తింటాడు. మర్నాడు అందరినీ మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. రావుగారికి శివరాత్రి జాగరంతో మనసు కరిగిందని ఊరు మెచ్చుకుంది. ఆయన అడితి మధ్యలో కుర్చీ వేయించుకుని, ఎవడు ఏ చేత్తో గొడ్డలి ఎత్తుతాడా అని పొద్దుగూకేదాకా చూశాడు.

ఒక్కడూ పుర్రచేతివాడు లేడు.

సాయంత్రం అందరూ పోయాక పెదకోటయ్యని ఆపాడు. “ఒరేయ్... మీ నాయనేనంటావా?” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

పెదకోటయ్య గొడ్డలి పదును వేలితో తడిమి చూసుకున్నాడు.

“అయ్యుంటాడయ్యా. చానా ఓపికమంతుడు. తనని చంపినా ఊరుకున్నాడు” అన్నాడు. “నువ్వు కోసే కోత చూసి మాత్రం ఊరుకోలేకపోయుంటాడు.”