పాలకేంద్రం దగ్గర ఆగే బస్సు

“నా చార్జరెవులు తీసేరు? ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండదు కదా!” పొద్దున్నే నానాజీ కేక వేశాడు.

“మీ దిండు కింద చూసుకోండి. ఫోన్ని పక్కలో పడుకోబెట్టుకున్నది మీరే కదా,” అంది కుమారి, పెనం మీద నూనె రాస్తూ.

“పావనే తీసుంటాది.”

“నా ఫోన్‌కి చార్జరక్కర్లేదు నాన్నా,” లోపలి గదిలోంచి కూతురి గొంతు పొడిగా వచ్చింది.

కుమారి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నిజమే, పిల్ల ఫోను మోగి మూడు రోజులైంది. అచ్యుతాపురం మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ఒక్కనాడూ బస్సు తప్పించని పిల్ల, తలనొప్పి అంటూ ఇవాళ కూడా మానేసింది. కుమారి పొయ్యి ఆపి లోపలికి వెళ్ళింది.

“ఏటైందే?”

పావని గోడ వైపు తిరిగి కూచుంది. “ఒకడు ఫోన్లు చేత్తన్నాడమ్మా. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. మొన్న పాలకేంద్రం దగ్గరికే వచ్చేసేడు. బండి మీద కూచుని, బుజ్జమ్మా అని పిలిచేడు.”

బుజ్జమ్మ అన్నది ఇంట్లో పిలుచుకునే పేరు. గడప దాటని పేరు. అది బయటివాడికెలా తెలిసిందో కుమారికి అంతుపట్టలేదు. అయినా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరే.

“నువ్వేమైనా మాటాడేవేటి వాడితో?”

పావని తల్లి వైపు చూసింది. ఆ చూపును కుమారి తట్టుకోలేకపోయింది.

“అడుగు, బాగా అడుగు!” గుమ్మంలోంచి నానాజీ అరిచాడు. “ఊరూ పేరూ తెలీనోడు ఉత్తినే వత్తాడేటి? నువ్వియ్యకుండా నంబరెలాగెల్లింది? ఉజ్జోగం సాలు. ఇంట్లో కూకో!”

“నేనివ్వలేదు నాన్నా.”

“మరి గాల్లో ఎగిరెల్లిందా?”

పావని బట్టల అడుగునుంచి ఫోను తీసి ఆన్ చేసింది. “వాడే నాకిది పంపించేడు. విను.”

అది నానాజీ గొంతే. బెల్లం మార్కెట్లో వేలంపాట పాడే నిండు గొంతు.

“మా బుజ్జమ్మ బంగారమండి. తెల్లారి ఆరింటికి పాలకేంద్రం దగ్గర కంపెనీ బస్సెక్కుతాది, సందేళ అక్కడే దిగుతాది. పక్క సూపు సూడదు. ఎవులైనా వొచ్చి సూసుకోండి. మాటాడాలంటే పిల్ల నంబరు రాసుకోండి...”

పావని ఫోను ఆపేసింది.

“అది... పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపులో ఎట్టేను,” అన్నాడు నానాజీ. “అందులో అందరూ మనోళ్ళే కదే.”

“మనోళ్ళందరి ముఖాలూ నీకు తెలుసా నాన్నా?”

నానాజీ తన ఫోను తీసి ఆ మెసేజి చెరిపేశాడు.

“నీ ఫోన్లో పోయింది,” అంది పావని. “వాడి ఫోన్లోంచి ఎవరు తీస్తారు?”

మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలు పావని ఫోను పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారు. కానిస్టేబులు నలుగురి ముందూ ఆ మాటలు వినిపించి, ఈ గొంతెవరిదని అడిగాడు. “నాదేనండి,” అన్నాడు నానాజీ, తల ఎత్తకుండా. నంబర్లు రాసుకున్నారు. వెతుకుతామన్నారు. ఎప్పటికి దొరుకుతాడో చెప్పలేదు.

పొద్దు వాలాక ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు.

“ఉద్యోగం మానను,” ఉన్నట్టుండి అంది పావని. “రేపు హాస్టల్‌కి మారిపోతన్నాను. నాతో పనిచేసే అమ్మాయిలున్నారు.”

“ఏ వీధే?” కుమారి నోరు ఆగలేదు.

“చెప్పనమ్మా. నీక్కూడా చెప్పను.”

పొద్దున తను అడిగిన ప్రశ్నకు ఇదే జవాబని కుమారికి అర్థమైంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నానాజీ చెయ్యి అన్నంలోనే ఎండిపోతోంది. మార్కెట్టంతా వినిపించే ఆ గొంతు, పక్కనే ఉన్న కుమారికి కూడా సరిగ్గా వినబడలేదు.

“సెప్పకమ్మా. నేనడిగినా సెప్పకు.”

పావని కన్నీళ్ళు తుడుచుకోలేదు. గరిటె అందుకుని తండ్రి కంచంలో చారు పోసింది.