మిద్దె మీది పాత ప్యానెళ్ళు

లేదు, ఆ రోజు మాదేశ్ అలా అనలేదు. అన్నా గట్టిగా అనలేదు. మల్బరీ ఆకు గోతాన్ని షెడ్డు ముందు కుమ్మరిస్తూ రంగమ్మ తనకు తానే చెప్పుకుంది. లోపల పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచి, నాలుగో జ్వరం దాటాయి. ఈపాటికి అవి ఆకు నమిలే చప్పుడు బయటికి వినిపించాలి. ఈ రోజు సన్నగా ఉంది.

కెలమంగలం పక్కన తోటలో వాళ్ళ ఇల్లు. పగటి కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి షెడ్డు ఫ్యాన్లన్నీ సోలార్ మీదనే తిరుగుతాయి. మిద్దె మీద ఎనిమిది కొత్త ప్యానెళ్ళు, వాటి పక్కన రెండు పాతవి. పాతవి ఆమె భర్త రాజప్ప పదకొండేళ్ళ కిందట సూళగిరిలో కొని బస్సు మీద వేసుకొచ్చినవి. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయుధపూజకు ఆమె పెట్టిన పసుపు బొట్లు వాటి మూలల్లో ఇంకా ఉన్నాయి. మూడు నెలల కిందట కొత్తవి వచ్చినప్పుడు, "పెద్దాయన పెట్టినవి వేరు చెయ్యొద్దు. అన్నీ ఒకే లైన్లో కలుపప్పా" అంది కరెంటు పని చేసే మాదేశ్‌తో. మాదేశ్ తల గోక్కున్నాడు. ఆమెకు అంతవరకే గుర్తుంది.

కొడుకు ధనశేఖర్ చేటతో బయటికి వచ్చాడు. చేటలో పురుగులు వడలిపోయి మెత్తగా పడివున్నాయి.

"చూడమ్మా, ఇంకొక తట్ట పోయింది."

"బ్యాటరీ నిండలేదారా?"

"యాడ నిండేది! మద్దేన్నానికి ఫ్యాన్లు ఈడ్చుకుంటా తిరగతాయి." అతను ఇంటివైపు తిరిగి అరిచాడు. "చైత్రా! నిన్న మల్లా మిషన్ కుట్టినావా?"

కోడలు చైత్ర చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "నేను మిషన్ ముట్టి ఇరవై దినాలాయె. గుడ్డ కప్పి పెట్టినాను, పోయి చూసుకోండి."

"మరి కరెంటు ఎవరు తాగినారు, దయ్యమా?"

రంగమ్మ ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "దయ్యం రవికలు కుడతాదా ఏమి?" అంది. ఆ మాటకు ఆమెకే నవ్వొచ్చింది.

చైత్ర నవ్వలేదు. "మిషన్‌ని రేపు మా అన్న డెంకణికోటకి ఎత్తుకొని పోతాడు అత్తా. దాంతోనే నేనూ పోతాను."

రంగమ్మ గుండె ఒక్కసారి తేలికైంది, వెంటనే భయపడింది. మిషన్ వచ్చినప్పటినుంచే ఫ్యాన్లు నీరసించాయని కొడుకు చెవిలో వేసింది తనే. పొద్దంతా ఆ మోటారు చప్పుడు, చైత్ర కోసం వచ్చే ఆడవాళ్ళ నవ్వులు ఆమెకు గిట్టేవి కావు. అవి ఆగాలనుకుంది. మనిషే పోవాలనుకుందా? లేదు, అనుకోలేదు.

అప్పుడే గేటు ముందు బండి ఆగింది. హోసూరు నుంచి సోలార్ మెకానిక్ మురుగన్.

"నిన్నెవరప్పా పిలిచింది?" అన్నాడు ధనశేఖర్.

"నేనే," అంది చైత్ర.

అందరూ మిద్దె ఎక్కారు. మురుగన్ ఒక్కొక్క ప్యానెల్‌కూ మీటర్ పెట్టి చూశాడు. "ఈ పాతవి రెండే సార్ రోగం. పది మంది చేతులు పట్టుకొని నడిస్తే, ముసలాయన ఎంత నడిస్తే అందరూ అంతే కదా. అట్ల, కొత్తవి కూడా వీటి కరెంటుకి దిగిపోతా ఉండాయి. పోయిన నెల బ్యాటరీకి నీళ్ళు పోసేటప్పుడే అక్కకి చెప్పినానే. చెప్పలేదా అక్కా?"

కాళ్ళ కింద మిద్దె కాలుతున్నా రంగమ్మకు తెలియలేదు.

"నీకు తెలుసా?" ధనశేఖర్ చైత్ర వైపు తిరిగాడు. "తెలిసి నా దగ్గర మాటలు పడినావా?"

"మామ ప్యానెళ్ళు పీకెయ్యమని ఏ నోటితో చెప్పేది? దినమూ పొద్దున్నే ఈడికొచ్చి అత్త వాటిని కొంగుతో తుడస్తాది. నేను చూసినాను." చైత్ర తల వంచుకుంది. "నేను పడితే పోతాదిలే అనుకున్నాను. పురుగులు పోతా ఉంటే తాళలేక ఫోన్ చేసినాను."

తను తుడవడం ఎవరూ చూడలేదనుకుంది రంగమ్మ ఇన్నాళ్ళూ. ఆ నిమిషంలోనే మాదేశ్ మాట కూడా మొత్తంగా వినిపించింది. అతను గట్టిగానే అన్నాడు. రెండుసార్లు అన్నాడు. "పాతది కొత్తదాన్ని కూడా ఈడ్చేస్తాదమ్మా." దానికి తన జవాబు ఏమిటో కూడా గుర్తొచ్చింది.

"ఈడ్చనీ."

ఆ గొంతు తనదేనా? ఆమె నోరు తెరిచింది. మాటకు ముందు ఏడుపొచ్చింది.

"పారెయ్యొద్దమ్మా," అన్నాడు మురుగన్. "వీటికి వేరే లైన్ ఇస్తాను. ఆవుల కొట్టంలో రెండు లైట్లు బాగా వెలగతాయి." కిందికి పోయి స్విచ్ ఆపి వచ్చి, వైరు కలిసిన చోటికి చెయ్యి చాచాడు.

"ఆగప్పా. నేను తీస్తాను. యాడ పట్టుకోవాల?"

"ఈ రెండు పక్కలా నొక్కి లాగమ్మా."

రంగమ్మ వంగి కూర్చుంది. "చైత్రమ్మా, మీ అన్నకి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు," అంది తలెత్తకుండానే. "మిషన్ మీద గుడ్డ తియ్యి."

కొంగుతో వేళ్ళు తుడుచుకుని, రెండు పక్కలా నొక్కి లాగింది.