ఎనిమిదో నెల గడప

పొద్దున్నే మామిడికాయల లారీ వచ్చి తోట ముందు ఆగింది. కోతల కాలం వచ్చిందంటే బంగారుపాళ్యం చుట్టుపక్కల ఎవరికీ నడుం వాల్చే తీరిక ఉండదు. మొగుడు పోయాక తోటనూ ఇంటినీ ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న చంద్రకాంతమ్మకు అసలే ఉండదు. కూలీలకు సంగటి కెలుకుతున్న ఆమెకు, కోడలు ఇంకా పడక మీదే ఉందని తెలిసి ఒళ్ళు మండింది. తెడ్డుతో కుండ అంచు మీద ఠంగుమని కొట్టింది.

"పంకజాక్షీ, పొద్దు యాడికొచ్చిందో సూసినావా?"

కోడలు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. పాదాల వాపులో మెట్టెలు కూరుకుపోయాయి.

"తల పగిలిపోతా ఉండాది అత్తా. కండ్ల ముందర అంతా మసక మసగ్గా ఉండాది."

"కడుపుతో ఉన్నోళ్ళకి కాళ్ళకు నీరు దిగకుండా ఉంటాదా? నేను ముగ్గుర్ని కన్లేదా? పో, ఆ మామిడి ముక్కలకు ఉప్పు పట్టించు."

చంద్రకాంతమ్మ చెడ్డమనిషేం కాదు. నోరే అంత. ఏడేళ్ళ కిందట తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె కూతురు శకుంతల ఈ ఇంట్లోనే గిలగిలా కొట్టుకుని ప్రాణం వదిలింది. దయ్యం గాలి సోకిందన్నారు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పటినుంచే ఆ నోటికి పదును పెరిగిందని ఊళ్ళో అంటారు.

ఉప్పు జాడీ తెరిచేలోగా పంకజాక్షి తల్లి అక్కమ్మ బస్సు దిగి వచ్చింది. వస్తూనే కూతురి మొహం చూసింది. చేతిసంచి కింద పడేసింది.

"వదినా, దీన్ని ఇప్పుడే చిత్తూరు పెద్దాసుపత్రికి తీసకపోతాను. మొగం వాసిందంటే ఆలస్యం చెయ్యొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది."

"ఎనిమిదో నెల వదినా ఇది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించే వంశం కాదు మాది. తొమ్మిది రానీ, నేనే సారె పెట్టి పంపిస్తా."

"ఏడులో పంపమని అడిగినానే. కోతలకు చేతులు చాలవని నువ్వే కదా నిలిపేసింది?"

"నా కోడలు, నా ఇష్టం."

అక్కమ్మ ఓపిక అక్కడితో తెగిపోయింది. "శకుంతలను కూడా ఇట్లానే గడప లోపల పెట్టుకోని ఉంటివి. ఏం మిగిలింది నీకు?"

చంద్రకాంతమ్మ చేతిలోని తెడ్డు చివ్వున లేచింది. అక్కమ్మ నుదురు చిట్లి, నెత్తురు కనుబొమ మీదుగా చెంపకు కారింది. కేకలు విని తోటలోంచి పరుగెత్తుకొచ్చిన కొడుకు దామోదరం అమ్మను ఆపాలో, అత్తను పట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు.

ధబ్బుమని చప్పుడైంది. పంకజాక్షి జాడీతో సహా కింద పడింది. పళ్ళు గిట్టకరచుకున్నాయి, కళ్ళు తేలిపోయాయి, చేతులూ కాళ్ళూ నేలకేసి టపటపా కొట్టుకుంటున్నాయి. నోటినుంచి నెత్తుటి నురగ వచ్చింది.

ఈ కొట్టుకోవడం చంద్రకాంతమ్మ ఇదివరకు చూసిందే.

"మునిరామయ్యను పిలుచుకోని రా దామోదరం, బిరీన పో."

గాలి వదిలించే మునిరామయ్య వేపమండలతో, చింతబరికెతో దిగాడు. అప్పటికి పంకజాక్షి కదలిక ఆగి గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తోంది. అక్కమ్మ అడ్డం పడితే దామోదరం ఆమెను పక్కకు లాగాడు. తనే పెళ్ళాన్ని పక్కకు తిప్పి, భుజాలు అదిమిపట్టి ఏడుస్తూ కూచున్నాడు. చంద్రకాంతమ్మ కోడలి కాళ్ళు పట్టుకుంది.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు." బరికె వీపు మీద ఛెళ్ళున పడింది. రవికె చిరిగి చర్మం కమిలింది. మళ్ళీ పడింది. పంకజాక్షి మూలిగింది.

మునిరామయ్య తల ఊపాడు. "ఇది బయటిది కాదమ్మా, మీ ఇంటిదే. మీ శకుంతల. తనకు కానుపు కాలేదని దీనికీ కానీదు. ఎముక దాకా తగిల్తేగానీ పోదు."

చంద్రకాంతమ్మ ఉలిక్కిపడి చేతులు తీసింది. కోడలి చీలమండల మీద ఆమె వేళ్ళు నొక్కిన చోట గుంటలు పడి, పూడకుండా అలాగే ఉన్నాయి. ఆ గుంటలు ఆమెకు తెలుసు. ఆవేళ శకుంతల కాళ్ళ మీదా ఇలాగే పడ్డాయి. అదే వాపు, అదే తలనొప్పి. ఆవేళ కూడా కాళ్ళు పట్టుకున్నది తనే. కొట్టింది ఇతనే.

బరికె మళ్ళీ లేచింది. ఆమె దానికి అడ్డంగా పడింది. దెబ్బ మెడ మీద తగిలింది.

"ఇది నా శకుంతలేనంటివి కదా? నా బిడ్డను రెండోసారి కూడా చంపుతావా?"

"పక్కకు జరుగు, నీకూ సోకతాది," అని అతను ఆమెను కాలితో నెట్టాడు. చంద్రకాంతమ్మ లేచి, మూలనున్న రోకలి అందుకుని అతని చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇల్లంతా వినిపించింది. మునిరామయ్య అరుస్తూ వాకిట్లో పడ్డాడు.

"పిచ్చి పట్టిందా నీకు? పంకజం సచ్చిపోతాదే అమ్మా," అంటూ దామోదరం తల్లి చెంప పగలగొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తల్లికి ఎదురు మాట కూడా చెప్పనివాడు.

ఆమె నోట్లోని నెత్తురు ఉమ్మేసింది. "కొట్టు నాయనా, ఎంత కావాలంటే అంత కొట్టు. ముందు దీన్ని లారీ ఎక్కించు."

"ఎనిమిదో నెల కదమ్మా..."

"ఆ పాపం నాకే రానీ. గడప దాటించు."

కూలీలు లారీలోని బుట్టలు కిందికి తోసేశారు. కాయలు రోడ్డంతా దొర్లాయి. లారీలో గడ్డి మీద పంకజాక్షిని పడుకోబెట్టి, ఒక పక్క అక్కమ్మ, ఒక పక్క చంద్రకాంతమ్మ పట్టుకున్నారు. దారిలో మళ్ళీ ఫిట్లు వచ్చాయి. ఇద్దరు తల్లులూ ఒకే ఒంటిని కరిచిపట్టుకుని చిత్తూరు దాకా దేవుళ్ళందరికీ మొక్కుకున్నారు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ జబ్బకు పట్టీ చుట్టి రక్తపోటు చూసి, కేకేసి నర్సులను పిలిచింది. సూదులు వేశారు, సీసా ఎక్కించారు. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. పిడికెడంతే ఉన్నా ఏడ్చింది. పెద్దప్రాణానికీ భయం లేదన్నారు.

"ఇది గాలీ ధూళీ కాదమ్మా, రక్తపోటు. మొహం వాచి, తల నొప్పి పుట్టి, చూపు మసకేసినప్పుడే తీసుకొస్తే ఫిట్ల దాకా రానివ్వం," అంది డాక్టరమ్మ.

"ఏడేండ్ల కింద కూడా దీనికి మందు ఉండిందా అమ్మా?"

"ఉండేది. ఏం?"

చంద్రకాంతమ్మ వరండాలోకి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడేళ్ళుగా దయ్యం మీద పెట్టిన ఏడుపంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. నుదుటికి కట్టుతో అక్కమ్మ వచ్చి పక్కన కూచుంది. నేను ముందే చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. కూచుని వదిన వీపు నిమిరింది.

రెండు రోజులకు పంకజాక్షికి పూర్తిగా తెలివొచ్చింది. పక్కకు తిరగబోయి అబ్బా అంది.

"వీపు మంటగా ఉండాది. నన్నెవరైనా కొట్టినారా?"

"పడినావు కదా, జాడీ గీసుకోనింది," అన్నాడు దామోదరం తల దించుకుని.

"అబద్ధం చెప్పొద్దురా," అంది చంద్రకాంతమ్మ. "నేనే కొట్టించినాను తల్లీ. ఆ మునిరామయ్యను పిలిపించింది నేనే. కదలకుండా నీ కాళ్ళు పట్టుకున్నదీ నేనే. శకుంతలకూ అట్లానే పట్టుకున్నాను. అది నా చేతుల్లోనే పోయింది."

పంకజాక్షి కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. అత్త మెడ మీద తేలిన బరికె వాతను అంతకుముందే చూసింది. "మీ అత్త మెడ మీది వాత నీకు అడ్డం పడితే తగిలిందే," అంది అక్కమ్మ. పంకజాక్షి కళ్ళు తెరిచింది.

"బిడ్డను చూపించత్తా."

"మీ అమ్మ తెస్తాదిలే. ఈ పాపపు చేతులతో నేను ముట్టను."

"ఆ చేతులతోనే ఎత్తుకోని రా అత్తా."

అక్కమ్మ ఉయ్యాల పక్కనుంచి జరిగి చోటిచ్చింది. చంద్రకాంతమ్మ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. వంగి మనవరాలిని ఎత్తుకుంది.