చెల్లెలి ఎడమ చెంప

పొద్దున్నే పళ్లు తోముకుంటున్న చెల్లెలు "అక్కా!" అని పెట్టిన కేకకు, ఇంటి ముందుగదిలోని బ్యూటీ పార్లర్ షట్టర్ ఎత్తుతున్న అక్క పరుగెత్తుకొచ్చింది. నెల రోజులుగా గట్టిపడుతున్న చెల్లెలి ఎడమ చెంప కందగడ్డలా ఎర్రబడింది. తాకితే కాలుతోంది. లోపల బఠాణీ గింజల్లా గడ్డలు.

"వేడి చేసిందేమోనే," అంది అక్క. అన్నాక ఆమెకే సిగ్గేసింది.

పార్లర్‌లోకి ఏ కొత్త సరుకు వచ్చినా మొదటి ప్రయోగం చెల్లెలి మీదే. అమ్మా నాన్నా పోయాక అక్క చేతుల్లో పెరిగిన పిల్ల, బ్లీచ్‌కైనా జుట్టు రంగుకైనా కిక్కురుమనకుండా కూర్చునేది. మూడు నెలల కిందట ఎవడో తియ్యగా మాట్లాడి పేరులేని సీసా ఒకటి అంటగట్టాడు. చెంపలు నిండుగా వస్తాయట! అక్క నమ్మి సూదితో ఎక్కించింది. అది ఉత్త నూనె అని తర్వాత తెలిసినా నోరు విప్పలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెంప నొక్కి చూసింది.

"చీము పట్టినట్టుంది, కోసి తీసేద్దాం. ఇక్కడ ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నావా అమ్మా?"

"లేదండీ," అంది చెల్లెలు ఠక్కున.

అక్క నిజం చెబితే పార్లర్ మూతపడుతుంది, పోలీసులూ వస్తారు. చెప్పకపోతే చెల్లెలి ముఖం మీద కత్తి పడుతుంది. నర్సు ట్రే తెచ్చి బల్లమీద పెట్టింది, డాక్టరమ్మ అందులోంచి కత్తి అందుకుంది. చెల్లెలు కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఆగండి!" అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నేనే చేశాను. నూనె ఎక్కించాను."

డాక్టరమ్మ కత్తి కింద పెట్టేసింది. "బుద్ధుందా నీకు? నూనె పేరుకున్న చోట కోసుంటే ఆ పుండు మానేదేనా? మందులతో వాపు తగ్గిస్తాను. గడ్డలు పూర్తిగా పోతాయని మాత్రం మాటివ్వలేను."

బయట బెంచీ మీద అక్క తల పట్టుకుని కూర్చుంది.

"నూనె అని నాకు తెలుసక్కా," అంది చెల్లెలు మెల్లగా. "నువ్వు ఫోన్లో వాణ్ణి తిడుతుంటే విన్నాను."

"తెలిసీ డాక్టరుకి అబద్ధం చెప్పావా? ముఖం పాడైపోయేది కదే!"

"పోతే పోనీ. పోలీసులు నిన్ను తీసుకెళ్లిపోతే నాకెవరున్నారు?"

అక్క ఇన్నేళ్లూ పార్లర్ కుర్చీలో చెల్లెలు మారుమాట్లాడకుండా కూర్చుంటే అది నమ్మకమే అనుకుంది. అందులో సగం భయమని ఇప్పుడు తెలిసింది. కాదంటే అక్క కూడా దూరమవుతుందేమోనన్న పసిపిల్ల భయం.

"ఇకమీదట నాకు కాదని చెప్పవే," అంది ఏడుస్తూ. "ఎన్నిసార్లు చెప్పినా నేనెక్కడికీ పోను."