అత్తయ్య మానేసిన ఖర్చు

పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి, కోడలు వరండాలోకి కేకేసింది. "అత్తయ్యా, పాలు కాస్త చూస్తారా? నేను స్నానానికి వెళ్తున్నా."

"నిన్ననే ఆరేశానమ్మా," అంది అత్తగారు, బటాణీలు ఒలుస్తూ.

కోడలు తెల్లబోయింది. ఆరేయడమేమిటి? స్నానం చేసి వచ్చేసరికి పాలు పొంగి గట్టంతా పారాయి. అత్తగారు మాత్రం తాపీగా బటాణీలే ఒలుస్తోంది.

వారం రోజులుగా ఇదే వరస. పిలిస్తే పలకదు. పలికినా అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన ఉండదు. ఇది ఎప్పుడు మొదలైందా అని వెనక్కి వెళ్తే, పొదుపు మాట ఎత్తిన రోజు దగ్గర ఆగింది.

భర్త పనిచేసే ప్రెస్సులో పెద్ద మిషను పాడైంది. బాగయ్యేదాకా నెల రోజులు రావద్దన్నారు, జీతం కూడా లేదు. ఆ రోజే కోడలు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. "ఈ ఒక్క నెలా తిండీ, మందులూ, పిల్లదాని చదువూ, అంతే. మిగతా వాటిలో ఎవరికి అక్కర్లేనిది వాళ్లే మానేయండి," అంది. భర్త సిగరెట్లు మానేశాడు. ఆమె ఆటో మానేసి నడక మొదలుపెట్టింది. అత్తగారు అందరికంటే ముందు తలూపింది. మరి ఇప్పుడీ అలకెందుకు?

"మీ అమ్మగారికి నా మీద కోపమేమోనండీ."

"అమ్మకి కోపమొస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. నోరు మూసుకుని కూర్చునే రకమా?"

"మరి నేను పిలిస్తే పలకరేం?"

భర్త చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "వయసు కదా. మతిమరుపు మొదలైందేమో."

ఆ మాటతో కోడలికి కొత్త భయం పట్టుకుంది. కోపమైతే బతిమాలుకోవచ్చు. జబ్బయితే? డాక్టర్లు, పరీక్షలు, ఈ నెలలోనే! ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. డ్యూటీలో బస్టాండు ఎంక్వైరీ కౌంటర్లో కూర్చున్నా రోజంతా అదే గొడవ. కోపమా, జబ్బా?

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరితే లోపల గడియ వేసి ఉంది. తలుపు తట్టింది. బాదింది. కిటికీలోంచి చూస్తే అత్తగారు ఇటు వీపు పెట్టి బట్టలు మడతపెడుతోంది! ఇక ఆగలేకపోయింది. పెరటి వైపు నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"తలుపు తీయడం కూడా ఇష్టం లేదా? నేనేం పాపం చేశానత్తయ్యా?"

అత్తగారు ఉలిక్కిపడింది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. "తలుపు కొట్టావా అమ్మాయ్?"

జుట్టు కింద ఆ చెవి బోసిగా ఉంది.

"మీ మిషనేదీ?" కోడలు తన చెవి చూపించి సైగ చేసింది.

అత్తగారు బీరువాలోంచి చిన్న డబ్బా తెచ్చింది. అందులో దూదిలో చుట్టిన చెవి మిషను, పక్కన చింపని సెల్లుల అట్ట. "నెలకో అట్ట పడుతోంది కదా. అక్కర్లేనిది మానేయమన్నావుగా, ఇది తీసి దాచా."

"వినపడటం అక్కర్లేనిదా?"

ఆ మాట ఆవిడకు అందలేదు. తన ధోరణిలో చెప్పుకుపోయింది. "నాతో ఎవరికి పనుందమ్మా? పాలు చూడండి, తలుపేసుకోండి. ఆ రెండు ముక్కలకీ సెల్లులెందుకు? మొహాలు చూసి అర్థం చేసుకోవచ్చనుకున్నా."

నిష్ఠూరం లేదు. ఉప్పు నిండుకుందన్నంత మామూలుగా చెప్పింది. అందుకే కోడలికి ఎక్కడో కలుక్కుమంది. రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్లకి జవాబులు చెప్పే నోరు, ఈవిడతో రెండు ముక్కలకి మించి మాట్లాడి ఎన్నాళ్లయింది?

సెల్లు తీసి, మిషనులో వేసి, ఆవిడ చెవికి పెట్టింది. మిషను కీచుమంది.

"వినపడుతోందా?"

"ఊఁ. అరవకు, మెల్లగా చెప్పు."

తీరా చెప్పమంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆఖరికి ఏదో ఒకటి మొదలుపెట్టింది.

"ఇవాళ... ఒక ముసలాయన్ని తప్పు బస్సెక్కించానత్తయ్యా."

"అయ్యో! తర్వాత?"

"పరిగెత్తుకెళ్లి దింపబోయా. దిగనని మొండికేశాడు, కిటికీ సీటు దొరికిందట!"

అత్తగారు పకపకా నవ్వింది. కోడలు కూడా నవ్వబోయి భోరుమంది. ఆవిడ మడతబట్టలు పక్కకి నెట్టి, మంచం మీద చోటిచ్చింది.

"ముందు కూర్చో. మొదట్నుంచీ చెప్పు, ఎక్కడికి పోవాల్సినాయన?"